కావలి గదికి కర్టెన్

మా తాతల కాలంలో ఈ తీరంలో తిమింగలాలను ఒక్కటి మిగలకుండా వేటాడారు. అవి మళ్ళీ వస్తున్నాయని ఈ మధ్య పేపర్లు రాస్తున్నాయి. అప్పట్లో వేటగాళ్ళకు కేక వేయడానికి కొండ మీద కట్టిన గదిలోనే ఇప్పుడు నా ఉద్యోగం. తిమింగలం కనబడితే వైర్‌లెస్‌లో లాంచీ సరంగుకు చెప్పాలి, దాన్ని ఢీకొట్టకుండా ఆయన లాంచీ ఆపుతాడు. ఏడేళ్ళుగా కూర్చున్నాను. అలలు తప్ప ఏమీ కనబడలేదు. తిరిగొచ్చే మొదటి తిమింగలాన్ని నేనే చూడాలి, నాకున్న కోరిక అదొక్కటే.

పన్ను పీకించుకోవడానికి ఒక్క పూట సెలవు పెట్టాను. నా బదులు మా తోడికోడలు కూర్చుంది. ఆమె బట్టలు కుడుతుంది. చొక్కా అంచు కుట్టుకుంటూ ఊరికే తల ఎత్తిందట, ఎదురుగా తిమింగలం! పక్కన పిల్ల కూడానట!

దవడ వాచి నేను వచ్చేసరికి ఊరంతా మా గుమ్మంలోనే ఉంది.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!" అంది మా అత్తగారు, నా ముఖం చూసి మరీ.

"కళ్ళంటే నీవేనమ్మా," అన్నాడు మా ఆయన, నాతో కాదు, ఆమెతో. నా పన్ను సంగతి అడిగిన నాథుడు లేడు. కడుపు మండిపోయింది. ఏడేళ్ళు నేను వండితే, వడ్డన వేళకు వచ్చి పీట వేసుకుంది మహాతల్లి.

వారం తిరక్కుండా ఒక మూట చంకన పెట్టుకుని కొండెక్కి వచ్చింది.

"ఆ రోజు ఎండ కళ్ళల్లో కొట్టిందక్కా. కర్టెన్ కుట్టుకొచ్చా."

ఒక్క పూటకే కొట్టిందట ఎండ! పైగా కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. దానికి ఇంకా మండింది నాకు.

స్టూలెక్కి కర్టెన్ తగిలిస్తూ ఆమె ఆగిపోయింది. "అక్కా, అదిగో! ఆ బండ వెనకాల!"

"అల," అన్నాను తల తిప్పకుండానే.

"అల కాదక్కా, నీళ్ళు చిమ్ముతోంది. లాంచీ వచ్చేస్తోంది, చెప్పు!"

"నువ్వే చెప్పు. నీకు అలవాటేగా."

ఆమె ఒక్క ఉదుటున దిగి వైర్‌లెస్ నా చేతిలో పెట్టింది. "నువ్వే చూశావక్కా. నేనసలు రాలేదనుకో."

దానం చేస్తోంది నాకు! ఆమె పెట్టే భిక్ష నాకెందుకు? కానీ లాంచీ చప్పుడు దగ్గరైపోతోంది. మీట నొక్కాను.

"బండ వెనక తిమింగలం. ఆపండి!"

"ఆపేశానమ్మా," అన్నాడు సరంగు. "మీ తోడికోడలు వచ్చిందా ఇవాళ?"

"లేదు. నేనే చూశాను."

"భలే! పిల్ల కూడా ఉందా దాంతో?"

ఏం చెప్పను? ఇంతసేపూ నేను ఆమె ముఖమే చూస్తున్నాను, గెలిచానన్న నవ్వు ఏ మూలైనా దొరుకుతుందేమోనని. ఆమె కిటికీలోంచి చూసి మెల్లగా తల ఊపింది.

"ఉంది," అన్నాను.

అప్పుడు పరుగెత్తాను కిటికీ దగ్గరికి. లాంచీ కదలకుండా నిలబడి ఉంది. జనమంతా ఒకే వైపు చేరి చేతులు ఊపుతున్నారు. బండ వెనక నీళ్ళ మీద గుండ్రంగా నురగ, అంతే.

"చూశావా అక్కా?"

"చూశాను," అన్నాను. "ఆ కర్టెన్ కాస్త పక్కకు లాగు."