నాకు కూడికే వచ్చు

నేను ఒక లెక్క యంత్రాన్ని. పిడికిట్లో ఇమిడిపోతాను. మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. మర తిప్పితే సున్నా అవుతాను కానీ, పొరపాటున పడిన ఒక్క అంకెను వెనక్కి తీసుకోవడం నాకు రాదు. నన్ను చేసినవాళ్లకు ఆ అవసరం తోచలేదు కాబోలు.

పుట్టింది బాలానగర్‌లో ఓ రేకుల షెడ్డులో. మొదట నాంపల్లి నుమాయిష్ గేటు దగ్గర జనాన్ని లెక్కపెట్టాను. మహా విసుగు. లోపలికొచ్చినవాళ్లే బండి తాళం మరిచిపోయామని బయటికెళ్లి మళ్లీ వస్తారు. ఆ ఏడే సేతుమాధవరావు మాస్టారు నన్ను కొనుక్కుని ఉత్తర ధ్రువం దాపున మంచు సముద్రానికి తీసుకుపోయారు. ఆయనది కాకినాడ. సీల్ జంతువుల మీద పరిశోధన.

వసంతం రాగానే సీళ్లు గడ్డకట్టిన సముద్రం మీదికెక్కి, తాము తొలుచుకున్న కన్నాల పక్కన పిల్లల్ని పెడతాయి. చిన్న విమానంలో ఎగురుతూ వాటిని లెక్కపెట్టాలి. ఒకే వైపు కిటికీల దగ్గర ముందొకరు, వెనకొకరు, మధ్యలో నల్ల తెర. ఒకరి వేలు కదలడం మరొకరు చూడకూడదు. దిగేదాకా లెక్క పెదవి దాటకూడదు. మనుషులు ఒకరినొకరు నమ్మరని అప్పట్లో నవ్వుకునేదాన్ని.

ఇరవై రెండేళ్లు మాస్టారి లెక్క తప్పలేదు. ఇరవై మూడో ఏడు వెనక సీట్లోకి ఆయన శిష్యురాలు నీలవేణి వచ్చింది. దిగాక చూస్తే నా మీద రెండు వందల పద్నాలుగు, ఆమె దగ్గర నూట ముప్పై ఒకటి. మర్నాడూ అంతే తేడా. కొత్తపిల్ల, తప్పు ఆమెదే అయివుంటుందని రిపోర్టులో మాస్టారి అంకే పెట్టారు. సీళ్లు దండిగా ఉన్నాయి కదా అని, ఆ మంచు పగలగొట్టుకుని ఓడలు పోవచ్చని పైవాళ్లు అనుమతిచ్చేశారు.

నాకు తెలుసు. విమానం చప్పుడుకి సీల్ నీళ్లలోకి జారుకుంటే నల్లటి కన్నం మిగులుతుంది. మాస్టారి కళ్లకు కన్నమూ సీలూ ఒకటే అయ్యాయి. ఆయన నొక్కారు, నేను కలిపాను. చెప్పడానికి నాకు నోరేదీ?

నీలవేణికి వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి తాను తీసిన ఫొటో ఒకటి ఆయన ముందు పెట్టింది.

"మాస్టారూ, ఇది సీలాండీ, కన్నవాండీ?"

ఆయన ఫొటోను దగ్గరికీ దూరానికీ జరిపి చూశారు. "సీలేనమ్మా" అన్నారు. ఆమె ఏడ్చేసింది.

"కన్నవా? ఎన్నాళ్లనించి తెలుసమ్మా నీకు?"

"మొదటి రోజునించేనండి. మీతో ఎలా చెప్పనండీ?"

"చెప్పాలే పిచ్చిదానా. నా పరువు పోతే పోతుంది. అవి పోకూడదు కదా."

ఆ పూటే తన లెక్క తప్పని తన చేత్తోనే ఉత్తరం రాశారు. అది చేరేసరికి ఓడలు బయల్దేరిపోయాయి.

మరుసటి వసంతం నన్ను నీలవేణి పట్టుకుంది. వద్దంటున్నా మాస్టారు వచ్చి విమానాలు దిగేచోట నిలబడ్డారు. అదే దారి, అదే ఎత్తు. కింద విరిగిన మంచు పలకలు. ఆ పిల్ల వేలు నా మీద ఎదురుచూసింది. నొక్కితే బాగుండునని నాకు అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

దిగగానే "ఎంతమ్మా?" అన్నారు. ఆమె నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు అంకెలు ఆనవని గుర్తొచ్చి, "పంతొమ్మిదండి" అంది.

 అలవాటుగా మాస్టారి బొటనవేలు నా మీట మీదికి వచ్చింది. ఒక్కసారి నొక్కితే ఇరవై అవుతుంది.

నొక్కలేదు.