వదిన ఓటు

క్లబ్బు ఆఫీసు మెట్లెక్కుతున్న కోచ్‌కి కింద గేటు దగ్గరి గోల చెవుల్లో మోగుతూనే ఉంది. "తూనీగ ఆడాలి, తూనీగ ఆడాలి" అని ఒకటే అరుపులు. తూనీగ అంటే ఆ జట్టులో కుడి అంచున పరుగెత్తే కుర్రాడు. బంతి కాలికి తగిలిందంటే ఇక ఎటు ఎగిరి ఎక్కడ వాలతాడో ఎవరికీ అంతుపట్టదు. అందుకే ఊరంతా అతని అసలు పేరు మర్చిపోయింది. కోచ్‌కి మాత్రం అతను సొంత మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకుని పెరటిగోడకి బంతి తన్నుతుండేవాడు. గోడకున్న సున్నమంతా రాలగొడుతున్నాడని అత్తగారు కర్ర పట్టుకుంటే, ఆమె కొంగు బిగించి వాడితో కలిసి తన్నింది. మోకాలు చెడి తను ఆట మానేసిన రోజులవి. తన కాలికి దక్కని పరుగంతా వాడి కాళ్ళకి నేర్పింది.

మర్నాడు సాయంత్రం ఫైనల్. ఈ క్లబ్బు ఫైనల్ మొహం చూసి ఒక తరం గడిచిపోయింది. అలాంటి రోజుకి ముందు తూనీగని ఉంచాలా తీసెయ్యాలా అని కమిటీ కూర్చుంది.

జరిగింది ఊరంతా చూసిందే. సెమీఫైనల్ గెలిచిన ఉత్సాహంలో తూనీగ కారేసుకుని బజారు వీధిన పడ్డాడు. ఒక చేతిలో స్టీరింగు, రెండో చేతిలో ఫోను. తన సంబరం తనే అభిమానులకి లైవులో చూపించుకుంటూ ఎర్ర లైటుని గాలికి వదిలేశాడు. సైకిలు మీద రోడ్డు దాటుతున్న టైలరు ఎగిరి అవతల పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. తూనీగే దిగి, ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు, అది నిజం. పోలీసులు లైసెన్సు తీసుకున్నారు, కోర్టులో కేసు పడింది, అదీ నిజం. అంతకు ముందే, కారుతో వీధుల్లో పందేలు వేస్తున్నాడని క్లబ్బు రెండుసార్లు పిలిచి మందలించింది.

కమిటీలో అయిదుగురు. అధ్యక్షుడు, హోటలాయన, డాక్టరమ్మ, రిటైరైన హెడ్మిస్ట్రెస్, కోచ్. పొడుగు బల్ల, పైన కిర్రుకిర్రుమనే ఫ్యాను, గోడ వారన అద్దాల బీరువాలో పాత కప్పులు. మూల కుర్చీలో తూనీగ తల వంచుకుని కూర్చున్నాడు. మోకాలు మాత్రం ఆగకుండా ఆడుతోంది.

"పిల్లాడు తప్పు చేశాడు, నేను కాదన్లేదు," అన్నాడు హోటలాయన. "దానికి పోలీసులున్నారు, కోర్టుంది. మనది ఫుట్‌బాల్ క్లబ్బండీ, ట్రాఫిక్ స్టేషను కాదు. గ్రౌండులో ఏం చేశాడన్నదే మనకి కావాలి."

"గ్రౌండు బయట వాడి ఒంటి మీదున్నది మన చొక్కాయే కదా," అంది డాక్టరమ్మ. "ఆ వీడియోలో మన క్లబ్బు బొమ్మ నా కళ్ళద్దాలు లేకపోయినా కనపడుతోంది. రెండుసార్లు చెప్పాం. మూడోసారి కూడా చెప్పడమేనా మన పని?"

"రేపు ఓడిపోతే కింద ఉన్న జనం మనల్ని బతకనిస్తారా?"

"రేపు గెలిస్తే వాళ్ళ పిల్లలందరూ ఇలాగే నడుపుతారు. అప్పుడు నా దగ్గరికే తెస్తారు, మోసుకుని."

అధ్యక్షుడు హోటలాయన వైపు తేలాడు. హెడ్మిస్ట్రెస్ డాక్టరమ్మ వైపు. ఇద్దరికిద్దరు. కళ్ళన్నీ కోచ్ మీదికి తిరిగాయి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మీకిది ఇరకాటమే తల్లీ. కావాలంటే మీరు పక్కకి తప్పుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. అప్పుడు అధ్యక్షుడిగా నా మాటే చెల్లుతుంది."

పాము చావదు, కర్ర విరగదు. ఆమె నోరు మూసుకుంటే చాలు, మరిది ఆడతాడు, ఇంట్లో శాంతి, గేటు దగ్గర జేజేలు. కోచ్‌గా కూడా ఆమెకి కావలసింది అదే. తూనీగ లేని కుడి అంచుని ఊహించుకుంటేనే ఆమెకి ఒక కన్ను పోయినట్టుంది. 'తప్పుకుంటాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. అభిమానులు నలుగురు టైలరుని దాదాపు మోసుకొచ్చినంత పని చేశారు. చేతికి మోచేతిదాకా కట్టు, మెడలో క్లబ్బు కండువా. ఆయన ఎడమ చేత్తోనే దణ్ణం పెట్టాడు.

"బాబుని తీసెయ్యకండయ్యా. నా చెయ్యిదేముంది, ఇవాళ కాకపోతే రేపు అతుక్కుంటుంది. ఫైనలు మళ్ళీ వస్తుందా? చిన్నప్పట్నించి ఈ క్లబ్బు జెండాలన్నీ నేనే కుట్టాను. నేను క్షమించేశాను. నా చేతికి బదులు రెండు గోలు కొట్టమనండి, చెల్లుకి చెల్లు."

గుమ్మంలో చప్పట్లు మోగిపోయాయి. హోటలాయన మొహం వెలిగిపోయింది. "దెబ్బ తిన్నాయనే వద్దంటుంటే మధ్యలో మన పెత్తనం ఏమిటండీ?"

కోచ్ లేచి తన కుర్చీ టైలరుకి జరిపింది. "కూచోండి అన్నయ్యగారూ. కొట్లో పనెవరు చూస్తున్నారు?"

"మా ఆవిడ మిషను తొక్కుతోందమ్మా. కత్తిరింపు దానికి రాదు. ఏదో, నడుస్తోంది."

"ఆవేళ సైకిలు మీద మీరొక్కరే ఉన్నారా?"

ఆయన కండువా కొస వేలికి చుట్టుకున్నాడు. "ఒక్కణ్ణే. రోజూ ఆ వేళప్పుడు మనవరాలు వెనక కూచుంటుంది, ట్యూషన్నించి తీసుకొస్తా. ఆవేళ దానికి జ్వరం, పోలేదు." తర్వాత నవ్వబోయాడు. "మంచిదే అయింది లెండి."

ఎవరూ నవ్వలేదు. మూలనున్న మోకాలు ఆగిపోయింది. తూనీగ తల ఎత్తి టైలరునే చూస్తున్నాడు, ఆ మాట మొదటిసారి వింటున్నవాడిలా.

"ఈయన క్షమించారు. అది ఈయన పెద్దమనసు," అంది కోచ్. "దాన్ని అడ్డం పెట్టుకుని మనం గట్టెక్కకూడదు. నా ఓటు తీసెయ్యడానికే. కాంట్రాక్టు రద్దు చెయ్యండి. కోర్టు సంగతి తేల్చుకుని, వచ్చే సీజను సెలక్షన్లకి అందరితో పాటు వస్తే రానివ్వండి. అప్పుడు ఆట చూసి మాట్లాడదాం."

"వదినా," అన్నాడు తూనీగ. "రేపు ఫైనలు."

"తెలుసు."

అతను మెట్లు దిగిపోతుంటే గేటు దగ్గర గోల ఒక్కసారి లేచి, విషయం తెలియగానే కోచ్ మీదికి తిరిగింది.

ఇంట్లో అత్తగారు కోడలితో మాటలు మానేసింది. ఏం చెప్పాలన్నా కొడుకుని మధ్యలో నిలబెట్టింది. "ఒరేయ్, మీ ఆవిడతో చెప్పు, బయటివాళ్ళు కాపాడబోతే ఇంటిమనిషే వీధిలో పెట్టిందని నలుగురూ అంటున్నారని."

"అమ్మ అంటోంది..." అని భర్త మొదలుపెట్టాడు.

"వినపడింది. అత్తయ్యగారితో చెప్పండి, నాకు మాత్రం సంతోషమా అని."

అడకత్తెరలో పోకచెక్కలా ఆయన ఇటూ అటూ చూసి, చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. తూనీగ గది తలుపు తియ్యలేదు.

మర్నాడు గ్రౌండు చీమ దూరే సందు లేకుండా నిండింది. తూనీగ చోట కోచ్ నిలబెట్టింది కరెంటు మేస్త్రీని. పగలు ఇళ్ళలో వైర్లు లాగి, సాయంత్రం ఆడే మనిషి. పరుగులో తూనీగకి సగం కూడా రాడు, కానీ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. పసుపు చొక్కాల జట్టు ఆట మొదలవగానే విరుచుకుపడింది. జనం ఇంకా సర్దుకుని కూర్చోకముందే గోలు పడింది. "వదినమ్మా, ఇంటికి పో" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. వాడికి వంద గొంతులు తోడయ్యాయి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా గీత వదలకుండా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పచార్లు చేస్తూనే ఉంది.

రెండో సగంలో ఆట మలుపు తిరిగింది. కార్నర్ నుంచి వచ్చిన బంతిని క్లబ్బు వెనకాటగాడు గాల్లోకి లేచి తలతో గుద్దాడు. బంతి కీపరు వేళ్ళని రాసుకుంటూ లోపల పడింది. గ్రౌండంతా ఒక్కసారి పైకి లేచింది. ఇందాకటి తిట్లు ఏమైపోయాయో తెలీదు, ఇప్పుడు కాళ్ళ కింద నేల అదురుతోంది.

సమయం కరిగిపోతోంది. మేస్త్రీ బంతి తీసుకున్న ప్రతిసారీ మైదానం మధ్యకి మళ్ళుతున్నాడు, అక్కడ ముగ్గురు కమ్మేస్తున్నారు. అప్పుడు వెనక ఇనప కంచె దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. అన్ని వేల గొంతుల్లోనూ ఆమె దాన్ని గుర్తుపట్టింది.

"వదినా, వాడి ఎడమకాలు చచ్చింది. లోపలికి కాదు, బయట్నించి పొమ్మను."

ఆమె తిరిగి చూడలేదు. మేస్త్రీకి ఎదురున్న పసుపు చొక్కావాడిని చూసింది. నిజమే. ఎడమకాలి మీద బరువు పడ్డప్పుడల్లా వాడు పెదవి కొరుక్కుంటున్నాడు. ఇంతసేపూ తన కంటికి ఆనలేదు.

"మేస్త్రీ, గీత వెంబడే. బయట్నించి," అని గొంతు చించుకుంది.

మేస్త్రీ ఎందుకని అడిగే రకం కాదు. బంతి రాగానే గీత వెంబడి తోసి, దాని వెనకే పడ్డాడు. పసుపు చొక్కావాడు ఎడమకి తిరగబోయి కూలబడ్డాడు. మేస్త్రీ ఒగరుస్తూనే బంతిని గోలు ముందుకి కొట్టాడు. దూసుకొచ్చిన ముందాటగాడి కాలికి అది తగిలిందో, మోకాలికే తగిలిందో ఇప్పటికీ వాదనలున్నాయి. వల మాత్రం కదిలింది.

ఆ తర్వాత మిగిలిన కాసేపూ ఒక యుగం. పసుపు చొక్కాలు గోలు గుమ్మం మీదే కాపురం పెట్టారు. ఒక బంతి కర్రకి తగిలి వెనక్కొచ్చింది, ఇంకొకదాన్ని కీపరు పొట్టకి హత్తుకుని పడుకున్నాడు. విజిలు మోగింది. అంతే, ఎవరు ఎవరిని వాటేసుకుంటున్నారో తెలియలేదు. ఆమెని ఎత్తి గాల్లోకి విసిరారు. పై నుంచి చూస్తే స్టాండులో అత్తగారు కుర్చీ ఎక్కి, కొడుకు తల పట్టుకుని ఈలలాంటిదేదో వేస్తోంది.

ఆటగాళ్ళు కంచె దగ్గరికి పరుగెత్తి తూనీగని ఇవతలికి దూకమన్నారు. అతను వేళ్ళతో కంచె పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమెకి రమ్మని చెయ్యి ఊపాలనే ఉంది. ఊపలేదు. కాసేపటికి అతనే వేళ్ళు తీసి వెనక్కి జరిగాడు.

గుంపు పల్చబడ్డాక ఆమె బయటికొచ్చేసరికి అతను బస్టాపులో ఉన్నాడు.

"పసుపు చొక్కాల మేనేజరు గేటు దగ్గర పట్టుకున్నాడు," అన్నాడు, ఎటో చూస్తూ. "రేపే సంతకం పెట్టమంటున్నాడు."

"పెట్టొచ్చుగా. పెద్ద క్లబ్బు."

"కేసు సంగతి చెప్పబోతే, అవన్నీ మా లాయరు చూసుకుంటాడులే అన్నాడు. ఆ టైలరు గారెలా ఉన్నారని ఒక్క ముక్క అడగలేదు వదినా. మీవాళ్ళకి చాదస్తం అని నవ్వాడు." అతను కాలితో ఒక రాయిని తన్నాడు. "ఆలోచించి చెప్తానన్నా. అలాగని నీ మీద కోపం పోయిందనుకోకు. ఆ రెండో గోలు నేను కొట్టాల్సింది."

"నువ్వైతే ఆ గీత వెంబడి ఎలా పోయేవాడివి?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో బస్సొచ్చింది, కిక్కిరిసి, జెండాలు వేలాడుతూ. లోపలివాళ్ళు చూడనే చూశారు, అతన్ని రెక్క పట్టుకుని పైకి లాగేశారు.

ఆ తర్వాత తూనీగ పసుపు చొక్కాలకి కుదరదని చెప్పేశాడు. కోర్టు అతనికి జరిమానా వేసి, ఏడాదిపాటు బండి ముట్టుకోవద్దంది. ఆ ఏడాది టైలరు మనవరాలిని ట్యూషనుకి నడిపించి తీసుకెళ్ళింది అతనే. ఆ పని చెయ్యమని ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

సెలక్షన్ల రోజున కుర్రాళ్ళ వరసలో నిలబడ్డాడు. ఆమె వాడిని అందరితో పాటే పరుగెత్తించింది. క్లబ్బులోకి తీసుకున్నారు గానీ, ఆ కుడి అంచుని కరెంటు మేస్త్రీ అంత తేలిగ్గా వదలలేదు. ఇద్దరూ ప్రాక్టీసులో బంతి కోసం కొట్టుకు చస్తుంటే చూడటానికే జనం రావడం మొదలైంది.