విప్పేముందు పావుగంట

జేరన్ నేల మీద దొర్లడం మానేసింది. నొప్పి తగ్గి కాదు, ఓపిక అయిపోయి. పశువుల ఆసుపత్రి షెడ్డులో దాని తల పక్కన జపార్ కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుర్రాల మధ్యే బతికిన మనిషి, ఇవాళ టోపీ తీసి నలుపుతూ కూర్చున్నాడు. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న ఈ ఆడగుర్రాన్ని అతని భార్య ఉమ్సునాయ్ మేకపాలు పట్టి సాకింది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఆమె గుర్తంటూ మిగిలింది ఇదొక్కటే.

"ఊపిరుండగానే హలాల్ చేసేద్దాం బావా" అన్నాడు బావమరిది మామాసాలి, బూటులోంచి కత్తి తీస్తూ. "మత్తు ఎక్కించాక మాంసం పనికిరాదు. చస్తే కుక్కల పాలే. నిరుడు నాదేమైందో చూశావుగా."

చూడకేం. నిరుడు మామాసాలి గుర్రానికీ ఇలాగే పేగు మెలిపడింది. అప్పటి డాక్టరు పొట్ట కోసి మెలిక విప్పగానే నల్లబడ్డ పేగు గులాబీ రంగుకొచ్చింది. గుర్రం లేచి నిలబడింది. అందరూ పులియబెట్టిన గుర్రంపాల కుమిస్ తాగి పండగ చేసుకున్నారు. సాయంత్రానికి అది చచ్చింది.

"అది మెలికతో పోలేదు పెదనాన్నా" అంది ఇప్పటి డాక్టరమ్మ సోనున్, చేతులకు తొడుగులు వేసుకుంటూ. "ఆగిన నెత్తురు ఒక్కసారిగా తిరిగొచ్చి పేగుని పాడుచేసింది. అందుకే ఆ దెబ్బ తగ్గించే మందు ముందు ఎక్కిస్తా. పావుగంట పడుతుంది. ఆ తర్వాతే విప్పుతా."

"ఏం మందు?" అన్నాడు జపార్.

"లిడోకెయిన్. పన్ను పీకేముందు నీ చిగుళ్ళకి పొడిచారే, అదే."

"పేగుకి పంటి మందంట" అన్నాడు మామాసాలి. "రేపు గిట్టలకి కళ్ళజోడు పెడుతుంది."

జపార్ వాడి వైపు చూడలేదు. "బతుకుతుందా తల్లీ?"

"మాటివ్వలేను. ఆశ కాస్త పెరుగుతుంది, అంతే."

జపార్ బావమరిది వైపు తిరిగాడు. "కత్తి లోపల పెట్టరా" అన్నాడు.

మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట కోశారు. బయటికొచ్చిన పేగు కాలేయం రంగులో ఉంది. సీసాలోని మందు చుక్కచుక్కగా మెడ నరంలోకి దిగుతోంది. సోనున్ చేతులు పేగు మీద ఉన్నాయి గానీ కదలడం లేదు. మెడకి ఉరి బిగిసినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని తాడు ముట్టుకోవద్దంటే ఎలా ఉంటుందో, జపార్‌కి అలా ఉంది.

"విప్పు తల్లీ. ఇంకా నల్లబడుతోంది."

"ఇంకో ఏడు నిమిషాలు."

"నీ తండ్రి పేగయితే ఇలాగే కూర్చుంటావా?"

"కూర్చుంటాను పెదనాన్నా. ఏడుస్తూ కూర్చుంటాను."

జపార్ లేచాడు. ఏం చేద్దామని లేచాడో అతనికే తెలియదు. అడుగు వేసేలోగా మామాసాలి అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు.

"కూర్చో బావా. నిరుడు నా గుర్రం పేగు తొందరగా విప్పమని ఆ డాక్టరు మెడ మీద కూర్చుంది నేనే."

ఆ సంగతి వాడు ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. జపార్ కూర్చున్నాడు.

మందు పూర్తయ్యాక సోనున్ మెలిక విప్పింది. గులాబీ రంగు మెల్లగా పాకింది. నిరుడు ఆ రంగు చూసి కేకలేసినవాళ్ళే ఈసారి కుమిస్ జోలికి పోలేదు. మధ్యాహ్నానికి జేరన్ లేచి నిలబడింది. నిరుడూ నిలబడింది కదా, జపార్‌కి దాని మీద నమ్మకమేముంటుంది? పేగు కదిలితే లోపల చప్పుడు వినిపిస్తుందని సోనున్ చెప్పింది. గంటగంటకీ పొట్టకి చెవి ఆనించాడు. ఏమీ లేదు.

సాయంత్రమైంది. నిరుడు ఆ గుర్రం పోయిన వేళ. జపార్ ఒక పక్కన, మామాసాలి ఇంకో పక్కన చెవులు ఆనించి నిలబడ్డారు. లోపల ఎక్కడో బుడబుడమంది.

"విన్నావురా?"

"నా కడుపేమో బావా. పొద్దున్నుంచి తిండి లేదు."

మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువసేపు, దూరంగా వాగు పారినట్టు. గుర్రం పొట్ట కిందుగా జపార్ వంగి చూశాడు. అవతల మామాసాలి చెవి తీయకుండానే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అది నిరుటి గుర్రం కోసమని జపార్‌కి తెలుసు.