పైపుల సారంగపాణి

పొద్దుగాల రేవుకు దిగంగనే రోజారాణి ముందు పడవల చేరిన నీళ్లు తోడి పోస్తది. డీజిల్ చూసుకుంటది, తాడు ఇప్పుతది, హ్యాండిల్ తిప్పుతది. ఇంజన్ కొంచెంసేపు సతాయించి అందుకుంటది. అప్పుడు పడవ పక్కకున్న పైపులకెళ్లి వేడినీళ్లు బుడబుడ బయటపడతయి. ఆ నీళ్లతోని వాళ్ల నాయిన సారంగపాణి దగ్గు గూడ వస్తది.

"లేచినవా బిడ్డా," అంటడు పైపులకెళ్లి.

"లేచిన నాయినా."

"చాయ్ తాగినవా?"

తాగిన అంటది రోజారాణి. తాగకున్నా గట్లనే అంటది.

సారంగపాణి బతికినన్నాళ్లు నల్లబండ రేవుల ఈ పడవే నడిపిండు. రేవుకు ఇటు పక్క అడివి, తండా, మిర్చి చేన్లు. అటు పక్క తారు రోడ్డు, ఆ రోడ్డు పట్టుకొని పోతే భద్రాచలం. వానకాలం ఇటు పక్క వాగులు పొంగి తొవ్వలు తెగితే బడికైనా, బజారుకైనా, దవాఖానాకైనా పడవే దిక్కు. ఆయన జ్వరమొచ్చి పోయినంక అస్తికలు ఈ పడవ మీదికెళ్లే నడిమి గోదాట్ల కలిపిన్రు. తెల్లారి రోజారాణి ఇంజన్ తిప్పితే పైపులకెళ్లి దగ్గొచ్చింది. ఒడ్డు మీదున్న ఆమె తల్లి వెంకమ్మ ఆ దగ్గు విని, "బీడీలు మానమంటే మానకపాయె," అనుకుంట బియ్యం కడుగ పోయింది.

ఊరోళ్లకు గూడ అది పెద్ద ముచ్చటేం కాలే. బడికి పోయే వాసు సారు రోజూ బైకు ఎక్కించి, పైపు దిక్కు చూసి గుడ్ మార్నింగ్ చెప్తడు. స్టాండ్ సరిగ్గ ఎయ్యలేదని ఆ పైపుతోనే తిట్లు తింటడు. మిర్చి కోతకు పోయే ఆడోళ్లు ఇండ్ల గొడవలు ఆయనకే చెప్పుకునేటోళ్లు. పైపు ఎవలకు చెప్పదు గదా అనుకునేటోళ్లు గని, అది రేవు మొత్తానికి చెప్పేది.

ఇంటర్ మధ్యల ఆపేసిన రోజారాణి చేతికి పడవ వచ్చేనాటికి ఆమెకు చుక్కాని పట్టుడు తప్ప ఏం రాదు. గోదారి నడుమ మునిగి ఉండే ఇసుక మేట ఏ నెలల ఎటు జరిగిందో నాయిననే చెప్పేది. ఎడమకు బిడ్డా, ఇంకా, చాలు. ఆమె తిప్పేది. మనుషులు ఎక్కేటప్పుడు మాత్రం ఆయనది ఒక్కటే మాట, బతికున్నప్పటిదే.

"జర జరుగున్రి. బిడ్డతల్లి ఎక్కుతుంది."

ముసలోళ్లెక్కినా గదే మాట. మేకపిల్లను ఎత్తుకొని ఎవలన్న ఎక్కినా గదే మాట. జనం నవ్వుకుంట జరిగేటోళ్లు. ఎంత కిక్కిరిసినా ఆయన అడిగితే జాగ పుట్టేది.

అన్నీ మంచిగనే ఉన్నయి గని ఇంజన్‌కు ఒక్క తిప్పలుంది. అది గోదారి నీళ్లు తాగి బతికే ఇంజన్. పడవ కిందికెళ్లి నీళ్లు గుంజుతది, ఆ నీళ్లు ఇంజన్ ఒంట్లె తిరిగి వేడి తీసుకొని పక్క పైపుల పడతయి. ఎండకాలం గోదారి తేటగ ఉంటది గాబట్టి నడుస్తది. వానలకు ఎర్రనీళ్లు వస్తే ఆ నీళ్లతోని మన్ను గూడ లోపటికి పోతది, పోయింది బయటికి రాదు. ఇంజన్ కాగి ఆగిపోతది.

పోయినేడు గట్లనే ఆగింది. పడవల తండా హాతీరాం పెండ్లాం మంగ్లి ఉన్నది, నొప్పులతోని. ఇంజన్ ఆగితే పడవ కొట్టుకపోయి మేట మీద కూసున్నది. ఇంజన్ ఆగితే సారంగపాణి గూడ మాట్లాడలేడు. మంగ్లి మొదటి కాన్పు ఆ మేట మీద, వానల, రోజారాణి చున్నీ కిందనే అయింది. బిడ్డ దక్కలే.  ఆ తర్వాత వారం రోజులు పైపుల నుంచి ఉత్త నీళ్లే పడ్డయి.

ఈ యేడు మంగ్లికి మళ్ల నెలలు నిండినయి. ఆషాఢం మొదటి వానలకే గోదారి ఎర్రబడ్డది. ఇంజన్ పొగ కక్కుడు మొదలుపెట్టింది, సారంగపాణి గొంతు బొంగురుపోయింది. దవాఖానా దగ్గరుంటదని చండ్రుగొండల చుట్టాల ఇంట్ల పెండ్లాన్ని వదిలిపెడదామని హాతీరాం చూసిండు గని, వాగులు అప్పటికే తొవ్వ మూసినయి. రేవు కాడికొచ్చి నిలబడ్డడు.

"అక్కా, ఈసారి నడుస్తదా?"

 ఆ మాపు రోజారాణి భోజనం చెయ్యలే. తెల్లారి ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది.

ప్రేమ్‌సాగర్ సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల డంపర్ లారీలకు రేడియేటర్లు బాగుజేసినోడు, ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నడు. నీళ్లల్ల నడిచే బండిని ఎప్పుడు ముట్టలే. అటొడ్డు రోడ్డున వచ్చి, రేవు దాటి ఇంజన్ ఇప్పి చూసిండు. నీళ్లు తిరిగే సందుల నిండ మన్ను ఎండి, కాలి, పొయ్యిగడ్డ లెక్క అయింది. స్క్రూడ్రైవర్‌తోని గీకితే పెచ్చులు లేచినయి.

"చెల్లె, ఇది ఇంజన్ కాదు, ఇటుకబట్టి," అన్నడు.

ఏం చెయ్యాల్నో ఆయనే చెప్పిండు. గోదారి నీళ్లు లోపటికి పోవుడే బంద్ చెయ్యాలె. లారీకి ఎట్లుంటదో గట్ల. ఇంజన్ పైన చిన్న ట్యాంకు, అండ్ల తేట నీళ్లు. పడవ అడుగున రాగి పైపులు వరుసగ బిగిస్తే ఆ నీళ్లే ఇంజన్లకెళ్లి పైపులకు, పైపులకెళ్లి ఇంజన్లకు తిరుగుతుంటయి. గోదారి బయటనే ఉండి ఆ పైపులను సల్లబరుస్తది. మన్ను లోపటికి రాదు, నీళ్లు బయటికి పోవు.

"మరి పక్క పైపు?" అన్నది రోజారాణి.

"దాంతోని ఇంకేం పని? మూసేస్తం."

"మరి నాయిన యాడికి పోతడు?"

ప్రేమ్‌సాగర్ పానాతోని తల గోక్కున్నడు. డంపర్ల కాడ ఎవలు ఇట్ల అడుగలే. ఆయన్నే అడుగుదాం అన్నడు. ఇంజన్ మళ్ల బిగించి తిప్పిన్రు. నీళ్లు సన్నగ, ఎర్రగ పడ్డయి.

"నా గొంతుల మన్ను పడ్డది బిడ్డా," అన్నడు సారంగపాణి. "ఆ పిలగాడు చెప్పినట్టు చెయ్యి."

"చేస్తే నువ్వు మాట్లాడనీకె పైపు ఉండదు నాయినా."

పైపుల నీళ్లు ఇంకింత ఎర్రగ పడ్డయి.

"మంగ్లికి ఎన్నో నెల?"

"నిండినయి."

"మరింకేంది," అన్నడు సారంగపాణి. ఇంజన్ పొగ కక్కితే రోజారాణి ఆపేసింది. ఆఖరికి ఆయన నోటెంట విన్న మాట గదే.

పడవను దుంగల మీదికి గుంజనీకె తండా మొత్తం వచ్చింది. వాసు సారు ప్యాంటు మడిచి బురదల దిగిండు. ప్రేమ్‌సాగర్ పడవ కింద ఎల్లెలకల పడుకొని పైపులు బిగిస్తుంటే మిర్చి కోత ఆడోళ్లు ఒడ్డున కూసొని ఆయన కాళ్లను చూసి జోకులేసిన్రు. కాళ్లు సిగ్గుపడ్డయి గని పని ఆగలే. పాత ట్రాక్టర్ రేడియేటర్ పైభాగం కోసి ట్యాంకు చేసిండు. పక్క పైపుకు టేకు బిరడా కొట్టిండు. కొట్టే ముంగట వెంకమ్మ దిక్కు చూసిండు, ఆమె తల ఊపినంకనే సుత్తె లేపిండు.

ఇగ నీళ్లు పొయ్యాలె. ప్రేమ్‌సాగర్ వాటర్ ప్లాంటుకెళ్లి క్యాను తెప్పిచ్చి, మూత తీయబోయిండు. వెంకమ్మ అడ్డమొచ్చింది.

"క్యాన్ల నీళ్లల్ల ఆయన ఉంటడా?"

"పెద్దమ్మా, గోదారి నీళ్లు పోస్తే ఇంత చేసింది ఎందుకు? మళ్ల మన్నే గదా."

"మన్ను లేకుంట ఇస్త. రెండు రోజులు ఆగు."

అడివి పక్క ఊర్లల్ల వానకాలం ఎర్రనీళ్లు తాగేది చిల్లగింజతోనే. అడివిల దొరికే గింజ అది. దాన్ని కుండ లోపలి అంచుకు అరగదీసి నీళ్లు పోసి పెడితే, పొద్దటికి మన్ను మొత్తం అడుగుకు దిగుతది. ఇప్పుడు బోర్లు, క్యాన్లు వచ్చి చిల్లగింజను మరిచిన్రు గని వెంకమ్మ ఉట్టి మీద ఇంకా ఉన్నయి. నడిమి గోదాట్ల, అస్తికలు కలిపిన జాగల నీళ్లు కావాలన్నది. హాతీరాం నాటుపడవల పోయి ముంచుకొచ్చిండు. ఆమె గింజ అరగదీసింది, తేర్చింది, పాత పంచె మడతల వడగట్టింది, మళ్ల అరగదీసింది. కాగబెట్టి సల్లార్చింది. మూడో పొద్దు కుండల చెయ్యి పెడితే చేతి గీతలు కనబడ్డయి. ప్రేమ్‌సాగర్ గ్లాసుల ముంచి ఎండకు పట్టి చూసిండు, క్యాను పక్కకు పెట్టిండు. ఇంజన్ కాగకుంట పోసే కూలెంట్ కలిపి ట్యాంకుల పోసిండు.

ఇట్ల కొత్తగ నీళ్లు పోసినప్పుడు లోపల గాలి ఇరుక్కుంటది. ఆ గాలి తీసేదాక ఇంజన్ కాగుతనే ఉంటది. ప్రేమ్‌సాగర్ పైన చిన్న బోల్టు వదులు చేసిండు. రేవంత చెవులు అటే పెట్టింది. హుస్సుమని గాలి పోయింది. ఇంకా పోయింది. ఆఖరికి, బోల్టు బిగించే ముంగట, ఒక్క దగ్గొచ్చింది.

"లోపటున్నడు," అన్నది వెంకమ్మ. "ఇగ బిగియ్యి."

పడవ నీళ్లల్లకు దిగింది. ఇంజన్ పొగ లేదు, సప్పుడు గూడ తక్కువ. అటొడ్డుకు పోయి ఇటొచ్చినా ట్యాంకు మీద చెయ్యి ఆనిచ్చి పెట్టుకోవచ్చు. ప్రేమ్‌సాగర్ మురిసిపోయిండు, వెంకమ్మ పెట్టిన చేపల పులుసు రెండుసార్లు అడిగి తిన్నడు. రోజారాణి ఆయనకు దండం పెట్టింది. పెట్టుకుంటనే ఏడ్చింది. ఆయనకు రెండూ అర్థమైనయి.

నాయిన మాట లేని పడవ పెద్దగ అనిపించింది. వాసు సారు అలవాటు తప్పక బిరడాకే గుడ్ మార్నింగ్ చెప్పి, జవాబు రాక స్టాండ్ తనే సరిచేసుకునేటోడు. మేట ఏడుందో చెప్పెటోళ్లు లేక రోజారాణి దాని తోక దాటేదాక కిందికి పోయి, దూరం చుట్టు తిరిగొచ్చేది. లేటయితుందని ఎవలు అనలే. పడవ కట్టేసినప్పుడు మాత్రం ఒక ఇచ్చిత్రం ఉండేది. అడుగున రాగి పైపులు ఇంకా వెచ్చగున్నంతసేపు చేపలన్నీ అక్కడికే చేరి, మెదలకుంట నిలబడేటియి, ఎవలో చెప్తుంటే విన్నట్టు.

మంగ్లికి నొప్పులు మధ్యాన్నం మొదలైనయి. వాన పడుతుంది. హాతీరాం ఆమెను మంచం మీదనే మోసుకొచ్చి పడవల పెట్టిండు. గోదారి ఒడ్డుకు ఒడ్డు ఎర్రగ ఉంది. సగం దూరం పోయేవరకే మంగ్లి రోజారాణి చున్నీ కొంగు పట్టుకున్నది.

"చుట్టు తిరిగితే నేను ఆగలేనక్కా. మళ్ల ఈడనే అయితది," అన్నది.

ముంగట నడిమి మేట. దాని మీద మోకాలు లోతు లేదు, నీళ్లు ముడతలు ముడతలుగ కొట్టుకుంటున్నయి. చుట్టు తిరిగితే టైము చాలదు, ఎదురు పోతే పడవ కూసుంటది. రోజారాణి చెయ్యి ట్యాంకు మీద పెట్టింది. గోరువెచ్చగున్నది, జ్వరం దిగిన నుదురు లెక్క.

"నాయినా," అన్నది మెల్లగ, "బిడ్డతల్లి ఎక్కింది."

ఇంజన్ సప్పుడు మారలే. పైపు మాట్లాడలే. అది బిరడా కొట్టిన పైపు. గని పడవ అడుగున వరుసగ ఉన్న రాగి పైపులు గోదారిని తగులుకుంటనే ఉన్నయి. వాటిల్ల సారంగపాణి తిరుగుతనే ఉన్నడు. ఇన్నాళ్లు గోదారి సంగతి బిడ్డకు చెప్పినోడు, ఇప్పుడు బిడ్డ సంగతి గోదారికి చెప్పిండు.

ముంగట నీళ్ల మీద ముడతలు పోయినయి. కిక్కిరిసిన బస్సుల జనం మోకాళ్లు ముడిచి, సంచులు ఒళ్లె పెట్టుకొని జరిగినట్టు, ఇసుక అటింత ఇటింత జరిగింది. నడుమ పడవ పట్టేటంత తొవ్వ నున్నగ, ఎర్రగ మెరిసింది. హాతీరాం ముందటికి పోయి వెదురు గడ నీళ్లల్ల దించిండు. మొత్తం దించిండు, భుజం తడిసేదాక.

"అందుతలేదక్కా," అన్నడు. "పోనియ్యి."

రోజారాణి ఇంజన్ ఎంత పోతదో అంత పోనిచ్చింది. ఆ ఇంజన్‌ను భయం లేకుంట అట్ల పోనిచ్చుడు అదే మొదలు. హాతీరాం గడ దించుకుంటనే ఉన్నడు, అది అందకనే ఉన్నది. అటొడ్డున ఆటో దొరికింది. మంగ్లి దవాఖానాల మంచం మీద ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల పుట్టంగనే ఏడ్చింది, వరండాల కూసున్న రోజారాణికి గూడ వినబడ్డది. హాతీరాం బయటికొచ్చి ఆమె తడి చెప్పులు తీసుకపోయి, ఆరనీకె గాలి తగిలే కాడ పెట్టిండు.

తెల్లారి రోజారాణి ఒక్కతే పడవ తిప్పుకొచ్చింది. నడిమి మేట కాడికి వచ్చినంక ఆశపడి ఎదురుగనే పోనిచ్చింది. కర్రుమని అడుగు ఇసుకను గీకింది. ఇసుక దాని జాగలకు అది వచ్చి కూసున్నది. ఆమెకు నవ్వొచ్చింది. ఒంగి గోదాట్ల చెయ్యి ముంచి కండ్లకద్దుకున్నది, పడవను ఎనుకకు తీసి, తోక దాటేదాక చుట్టు తిరిగి వచ్చింది.

వెంకమ్మ రేవుల నిలబడి చూస్తుంది. నిన్న అంత జల్దీ పోతివి, ఇయ్యాల ఇంత లేటెందుకని అడిగింది.

"ఖాళీ పడవకు ఎవలు జరుగుతరమ్మా," అన్నది రోజారాణి, తాడు కట్టుకుంట.

"అవ్," అన్నది వెంకమ్మ. "మీ నాయిన బస్సుల గూడ గంతే. ఉత్తగ ఎవర్ని లేపడు."