దోసిటి నీరు

గ్రీష్మాంతమునఁ బశ్చిమదిగంతమునుండి నీలమేఘపంక్తులు గుంపులు గట్టి వచ్చి యెండి బీటలువాఱిన కొండచఱియలపైఁ దమ నీడలు పఱచి యొక్క చినుకైన రాల్పక గర్జించుచుండఁ జిత్రసాలకనుమయందు మూఁడు రాజ్యముల రాయబారులు పట్టుపందిటిక్రిందఁ గొలువుదీరి యుండిరి.

ఆ సభ యేల కూడెనో వినుఁడు. ఆ కనుమయందుఁ దేనె దీసి బ్రదుకు మిన్నెర లను మున్నూఱిండ్ల చిన్నజాతి కలదు. అయిదేండ్లు దాఁటిన మిన్నెరబిడ్డలు తల్లిదండ్రులను వీడి నగరమునఁ బెరిగి తమ భాష మఱవవలయునని వారి యేలిక శాసింపఁబూనెను. జాతిపెద్ద యొప్పనిదే యది చెల్లదని పొరుగురాజు లిరువురు పట్టుపట్టి సభ గూర్చిరి. పెద్దయగు కాటమకు మిగిలిన దిక్కు పూసి యను నాఱేండ్ల మనుమరాలొక్కతె. ఆ పసిదానిఁ దలఁచి గుండె చెఱువైన యవ్వ కొండ దిగి వచ్చెను.

ఏలికమంత్రి "అవ్వా! మీ బిడ్డల నిచ్చుటకు సమ్మతమేనా?" యని యడిగెను.

మిన్నెరల కొక యాచారము గలదు. ప్రాణసమానమగు ప్రశ్న యడిగినచో దోసిట నీరు పట్టి యది చుక్కచుక్కగా జాఱిపోవుదాఁక నోరు మెదపరు. తొందరపడి పలికినమాట వారికి బొంకుతో సమానము. కాటమ యటులే నీరు పట్టి కనులు మూసికొనెను.

మంత్రి నవ్వి "మౌన మర్ధాంగీకారమందురు గదా!" యనెను. పొరుగురాయబారులును దల లూఁచిరి. లక్క కరిగెను. ముద్ర పడెను.

కడపటి చుక్క జాఱఁగానే కాటమ కనులు తెఱచి "ఈయము. మా బిడ్డల నీయము" అనెను.

"ముద్ర పడిన దవ్వా!" అని మంత్రి లేచిపోయెను.

కాటమ పొరుగురాయబారియగు మాధవసేనుని పాదములపైఁ బడి "అయ్యా! మాకొఱకే వచ్చితివే! దోసెఁడు నీరు జాఱుదాఁక నాఁగలేకపోతివా?" యని భోరున నేడ్చెను.

"మీ యాచారము తెలియకపోయెఁ దల్లీ! మఱుసటియేఁటి సభలో విన్నవింతును" అని యతఁడు తల వంచెను. చేతులు కాలినపిదప నాకులు పట్టుకొని యేమి ఫలము! బిడ్డలకై బండ్లు మఱునాఁడే రానుండెను.

ఆ సాయంకాలము కాటమ బిడ్డలనెల్లఁ గూడఁదీసి "అచ్చట నెవ రేమడిగినను నీటికై చూడకుఁడు. వెంటనే కాదనుఁడు" అని నేర్పెను. బిడ్డలు "కాదు! కాదు!" అని యఱచిరి. అందఱికంటె ముందు పూసి గొంతు వినఁబడెను. అక్కటా! అంత వేగముగఁ బలికిన మిన్నెరబిడ్డను కాటమ తన డెబ్బదియేండ్ల బ్రదుకులో నెన్నఁడు నెఱుఁగదు.