మచ్చ పడని మూడు మొక్కలు

సక్కుబాయి ఉద్యోగం మొక్కలకు తెగులు అంటించడం. శంషాబాద్ దాటాక, తల మీంచి విమానాలు దిగే దారిలో ఉన్న పరిశోధన కేంద్రంలో ఆరేళ్లుగా ఆమెది అదే పని. ఏ రకం తట్టుకుంటుందో తేల్చడానికి, తెగులు తెచ్చే బూజును నీళ్లలో కలిపి పల్లి మొక్కల మీద చల్లి, తేమ ఆరకుండా పాలిథిన్ కప్పేది. రెండు వారాలకు ఆకుల నిండా నల్లమచ్చలు లేచేవి. ఒకప్పుడు ఆమె ఎకరంన్నర పల్లిచేనును ఒట్టి పుల్లలు చేసింది ఆ మచ్చలే.

ఆ వేసవిలో శాస్త్రవేత్త స్వర్ణలత, వేరే మొక్కలో తెగులును తట్టుకునే జన్యువును తీసి పల్లిలో చేర్చింది. అట్లా పెంచిన నలభై మొక్కల మీదా సక్కుబాయే బూజు చల్లింది. కప్పు తీసేసరికి ముప్పైఏడింటికి మచ్చలు. మూడు మాత్రం పచ్చగా ఉన్నాయి.

పెద్ద సారు గోవర్ధన్ నమ్మలేదు. ఆ మూడింటి మీద బూజు సరిగ్గా పడి ఉండదన్నాడు. ఆయన కోపంగా అనలేదు కానీ సక్కుబాయికి చురుక్కుమంది. ఆకు అడుగున కూడా తడపకుండా ఆమె ఏనాడూ కుండీ వదల్లేదు.

"మల్ల చల్లుత సార్. మీరు నిలబడి చూడుర్రి," అంది.

ఈసారి ఆ మూడింటినీ మామూలు పల్లి మొక్కల మధ్యన పెట్టి, ఒక్కో ఆకూ తిప్పి తిప్పి చల్లింది. పాలిథిన్‌ను గోవర్ధనే కట్టాడు. ఆ రెండు వారాలూ ఆమె ఆ పాలిథిన్ చుట్టూనే తిరిగింది. తన చేతి పని ఫలించకూడదని కోరుకోవడం ఆమెకు అదే మొదలు.

పదిహేనో రోజు కప్పు తీశారు. చుట్టూ ఉన్న మొక్కలు ఆకులు రాల్చి నిలబడ్డాయి. స్వర్ణలత భూతద్దంతో ఆ మూడు మొక్కల ఒక్కో ఆకూ తిప్పి చూసింది.

"ఏంది మేడం, ఏమన్న కనబడ్డదా?"

"ఒక్క మచ్చ కూడా లేదు, సక్కుబాయి గారూ," అంటూ స్వర్ణలత ఆమెను వాటేసుకుంది.

గోవర్ధన్ అందరి ముందూ తానన్నది పొరపాటేనని ఒప్పుకున్నాడు. ఈ విత్తనం చేలోకి చేరడానికి ఇంకా ఎన్నో పరీక్షలు, అనుమతులు, ఏళ్లు పడతాయనీ చెప్పాడు. సక్కుబాయి తలూపింది. ఆకులు మిగిలిన పల్లి మొక్కను ఇన్నాళ్లకు చూసింది, ఆమెకు ఆ పూటకు అది చాలు.

సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మకు మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ఆ సంబరంలో తన స్టాపు ఆరాంఘర్‌లో దిగడం మరిచి, మైలార్‌దేవ్‌పల్లిలో దిగి నవ్వుకుంటూ వెనక్కి నడిచింది.