హీట్ పంపుకి బొంత

మా ఇంటి హీట్ పంపుని మా అత్తగారు చంటిపిల్లలా సాకుతారు. ఎండాకాలం ఇల్లు చల్లబడినా, చలికాలం వెచ్చబడినా దాని పుణ్యమేనని నెలనెలా ఫిల్టర్ కడుగుతారు. పెరట్లో ఉన్న దాని బయటి యూనిట్ మీద ఒక్క ఆకు రాలినా చీపురు పట్టుకుని పరుగెత్తుతారు.

ఇవాళ మంచు కురిసింది. పొద్దున లేచేసరికి ఇల్లంతా ఐసుగడ్డ. మా ఆయన గజగజ వణుకుతూ, కనపడని తన బొంత కోసం గదులన్నీ వెతుకుతున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, ఆ బొంత యూనిట్‌కి చుట్టి, తాడుతో కట్టి ఉంది! అంత చలిలోనూ నాకు ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, దానికి గాలాడాలి! ఇలా మూసేస్తే ఇల్లెలా వెచ్చబడుతుంది?"

"ఉండుండి వణుకుతూ ఆవిర్లు కక్కుతుంటే జ్వరమనుకున్నానే!"

"జ్వరం కాదు, పాడూ కాదు. పట్టిన మంచుని అలా అదే కరిగించుకుంటుంది."

బొంత విప్పిన కాసేపటికి ఫ్యాను గిర్రున తిరిగింది. అత్తగారు చప్పట్లు కొట్టారు.

"బాగానే ఉంది సంబరం! కన్నకొడుకు బొంత లాక్కొచ్చి మిషనుకి కప్పుతారా?"

"వాడికి నువ్వున్నావు. దీనికెవరున్నారే, నేను తప్ప?"